పంతులు మింగిన మాటలు

"ఇంట్ల చిలుక మాట్లాడుతుంటే చంటిపిల్లకు మాటలు రావే శాంతక్కా. పిల్ల మాటలన్నీ గదే మింగుతది" అంది పక్కగది ఎల్లమ్మ, చంకలో నీళ్ల బిందె దించకుండానే.

శాంతాబాయి కసురుకుంది. కానీ మనుమరాలు మనాలికి రెండో ఏడు నిండబోతోంది. ఇంతవరకు 'అమ్మ' అనలేదు, మరాఠీలో 'ఆయీ' అనీ అనలేదు.

"ఇంట్ల తెలుగు, బయట మరాఠీ, టీవీల హిందీ. పిల్ల పరేషాన్ అయితుంది. వస్తయ్ తీయమ్మా" అన్నాడు కొడుకు విక్కీ.

కోడలు సాక్షి పంజరం వైపు చూసింది, అంతే. ఆ చూపు శాంతాబాయికి ముల్లులా గుచ్చుకుంది.

చిలుక పేరు పంతులు. ఒకటే వాగుడని శాంతాబాయి భర్త తుకారాం పెట్టిన పేరు. విక్కీ బడికి పోయే రోజుల్లో దాన్ని ఈ కామాఠీపురా వరుస గదుల చాల్‌కి తెచ్చాడాయన. ఆయన పోయి నాలుగేళ్లయినా, రోజూ పొద్దున్నే అచ్చం ఆయన గొంతుతోనే పిలుస్తుంది.

"శాంతా, చాయ్ పెట్టు!"

ఆమె ఇప్పటికీ రెండు కప్పులు పెడుతుంది.

మనాలికీ పంతులంటే ప్రాణం. అది తల ఊపితే ఇదీ ఊపి కిలకిలా నవ్వుతుంది. ఏడుపూ పేచీ లేని బంగారు పిల్ల. గల్లీలో పెళ్లి బ్యాండు మోగినా హాయిగా నిద్రపోతుంది. అంతా తాత పోలికేనని శాంతాబాయి మురిసిపోతుంది.

ఎల్లమ్మ ఊరుకుందా? చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చాల్‌లో ఆడవాళ్లంతా తందానా అన్నారు. చివరికి విక్కీకీ భయం పట్టుకుంది.

"చిలుకను వర్లిల ఉండే నీత అత్తకు ఇచ్చేద్దామే."

"మీ నాయిన గొంతు ఇంకొకళ్ల ఇంట్ల నన్ను పిలుస్తుంటే నేను బతుకుతనారా?"

మర్నాడు పొద్దున శాంతాబాయి గ్యాలరీలో పంజరం తలుపు తీసింది. పంతులు కదలలేదు. తనే చేయి పెట్టి బయటికి తీసింది. అది రెయిలింగ్ మీద కూర్చుని "శాంతా, చాయ్ పెట్టు!" అంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, చేత్తో అదిలించింది. కాకులు వెంటపడ్డాయి. గ్రాంట్ రోడ్ స్టేషన్ వైపు ఎగిరి, పంతులు మళ్లీ కనబడలేదు.

పోయినాయన మళ్లీ పోయినట్టయింది. పోతే పోనీ, పిల్ల నోరు తెరిస్తే చాలనుకుని కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు నుంచి ఒక్క కప్పే. పంతులు మింగిన మాటలు ఎప్పుడు తిరిగొస్తాయా అని మనాలి నోటి వంకే చూస్తూ కూర్చునేది. పిల్లేమో పంజరం తీసేసిన కొక్కెం వంక చూసి తల ఊపేది.

ఒక మధ్యాహ్నం, గోడ వైపు తిరిగి బంతితో ఆడుకుంటున్న మనాలి వెనకాలే, సాక్షి చేయి తగిలి అటక మీది ఇత్తడి బిందె ధన్‌మని నేల మీద పడింది. ఆ చప్పుడుకు ఎల్లమ్మ పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చింది, శాంతాబాయికి గుండె ఆగినంత పనయింది, మనాలి మాత్రం తల కూడా తిప్పలేదు.