రెండు కొసలా ఒకే తలుపు

కొత్త కర్టెన్లు చూపించమని మా ఆడపడుచు వారం రోజులుగా ప్రాణం తీస్తోంది. మా ఆయన నైట్ డ్యూటీకి వెళ్ళాక ఇంట్లో ఒక్కదాన్నే. హాలు మధ్యలో నిలబడి, ఫోను పట్టుకుని, మెల్లగా గుండ్రంగా తిరుగుతూ వీడియో తీశాను. మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని ముక్కలు చేసి, ముక్కలన్నీ అతికిస్తే హాలంతా ఒకే పొడవాటి ఫోటో అవుతుంది. ఈ పనిలో నన్ను మించినవాళ్ళు మా రెండు వైపుల చుట్టాల్లోనూ లేరు.

వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి, తిరిగి అక్కడే ఆపాలి. అప్పుడే రెండు కొసలూ కలుస్తాయి.

ఈసారి కలవలేదు. ఎడమ కొసన తలుపు దగ్గరగా వేసి ఉంది. గడియ పెట్టడం మరిచాను. కుడి కొసన అదే తలుపు జానెడు తెరిచి ఉంది. తీసేటప్పుడు నా ధ్యాసంతా కర్టెన్ల మీదే.

మా ఆయనకు ఫోన్ చేశాను.

"గాలికి తెరుచుకుని ఉంటుందిలే," అన్నారు.

"కిటికీలన్నీ మూసే ఉన్నాయి. వీడియోలో కర్టెన్ కుచ్చు కూడా కదల్లేదండీ."

"సరే తల్లీ, ముందు వెళ్ళి గడియ పెట్టుకో."

కుర్చీలోంచే వెనక్కి తిరిగి చూశాను.

"పెట్టే ఉందండీ," అన్నాను ధీమాగా.

అన్నాక గుర్తొచ్చింది. వీడియో ఆపినప్పటి నుంచి నేను ఆ తలుపు దగ్గరికి వెళ్ళనేలేదు.

ఫోనులో మా ఆయన తీరిగ్గా ఆవలించారు. కిటికీ దగ్గర, కొత్త కర్టెన్ రింగులు ఒక్కొక్కటే జరుగుతున్న చప్పుడు.