తొమ్మిది మీద ముల్లు

"పద్నాలుగు! బండి వెనక్కి తిప్పు," అన్నాడు పర్చూరు పత్తి కొనుగోలు కేంద్రంలో తేమ చూసే ఆదెయ్య.

తేమ పన్నెండు శాతం దాటితే పత్తి కొనరు. తేమ మిషన్ గిన్నెలో రైతు అంకమ్మ పత్తి పెట్టిన దగ్గర్నుంచీ దాని ముల్లు తొమ్మిదికీ పద్నాలుగుకీ మధ్య చలిజ్వరం వచ్చినట్టు కొట్టుకుంటోంది. ఎక్కువ ఎక్కడ చూపిస్తే అదే లెక్క. అదీ అక్కడి న్యాయం!

"మూడ్రోజులు ఎండబెట్టాను బాబూ! పట్టుకు చూడు. పైన మబ్బేసింది, తిరిగెళ్లేలోగా తడిసి చస్తది."

"చేతికేం తెలుసు? మిషన్ చెప్పాలి," అంటూ ఆదెయ్య గిన్నెలోని పత్తి తీసి ఆమె చేతిలో కుక్కాడు.

ఆమె వెంట బండిలో వచ్చిన, రేడియోలు బాగుచేసే జక్రయ్య ఆగలేకపోయాడు. మిషన్ మూత విప్పాడు.

"ఈ ఆప్-ఆంప్ చిప్పు చిన్న సిగ్నల్‌ని వెయ్యింతలు చేస్తదండీ. గిన్నె నుంచి దీనికి బారెడు వైరు పెట్టారు, దారిన పోయే రొదంతా అది లాగుతోంది. ఆ రొదా వెయ్యింతలవుతోంది. చిప్పు కాళ్ల దగ్గర రొదని మింగే ఓ చిన్న కెపాసిటర్ పెడితే కుదురుకుంటది."

మిషన్ చూసుకోడానికి గుంటూరు నుంచి వచ్చిన ఇంజనీరు కుర్చీలోంచి లేవలేదు. డిగ్రీ బరువు అలాంటిది.

"ఎందాకా చదివావోయ్?"

"ఎనిమిది తప్పానండి."

"స్టెబిలిటీ గురించి నాకు చెప్పొచ్చావా? డ్రాయింగ్‌లో లేని పార్టు ఒక్కటి పెట్టినా కేసు పెడతా. ఏమీ పెట్టకుండా ముల్లు ఆపు, చూద్దాం!"

ఆదెయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అట్టాగేనండి," అన్నాడు జక్రయ్య. వాళ్లకి వీపు పెట్టి కూర్చుని, స్క్రూడ్రైవర్‌తో ముల్లు మొదట్లో ఐదు నిమిషాలు ఏదో బిగించాడు. మూత బిగించి మిషన్ బల్ల మీద పెట్టాడు.

ముల్లు తొమ్మిది మీద మేకు కొట్టినట్టు నిలబడింది.

ఇంజనీరు అప్పుడు లేచాడు. ముల్లుకేసి మురిపెంగా చూశాడు.

"నే చెప్పలా? డిజైన్‌లో లోపమే లేదు. ఏదో లూజు కనెక్షన్, అంతే. స్టెబిలిటీ అంటే ఇదీ!"

తేమ తొమ్మిది అని రిజిస్టర్లో రాసి, బారెడు సంతకం గీశాడు. ఆదెయ్య మొహం మాడ్చుకుని ఆమె పత్తి బోరాలన్నిటి మీదా ముద్ర కొట్టించాడు.

గేటు దాటాక అంకమ్మ గుప్పిట విప్పి అందులో పత్తి చూసుకుని, జక్రయ్య చొక్కా పట్టుకుని ఆపింది.

"ఒరేయ్ తమ్ముడూ, మళ్లీ గిన్నెలో పత్తి పెట్టనే లేదు గదరా!"