ఒక్కసారి కింద చూడండి

“ఒక్కసారి బండి కింద పడుకుని చూడు బాబూ,” అన్నాడు దర్జీ.

రేసు ట్రాక్ దగ్గర బండ్లు చెకింగ్ చేసే ఆయన నవ్వాడు. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం నిండా గళ్లు. ఒక్కో గడిలో టిక్కు పెట్టుకుంటూ పోతున్నాడు. అతని చూపు కాగితం మీద ఉన్నంతసేపు బండి మీద లేదు.

“మేడం కట్టిన బండి సార్ ఇది. వెల్డింగు రాడ్డు పట్టుకోవడం నాకు నేర్పిందే ఈవిడ. ఈవిడ పనికి నేను వంక పెట్టడమా? చెంపలేసుకోవాలి.”

మేడం అంటే దర్జీ భార్య. ట్రైనింగు స్కూల్లో ఇరవై ఆరేళ్లుగా వెల్డింగు నేర్పుతోంది. ఈ రేసుబండి కట్టడానికి ఆమెకు ఆరేళ్లు పట్టింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇనుప గొట్టాలు కోసి, అతికి, ముందు అస్థిపంజరం నిలబెట్టింది. పాత కారు ఇంజను దించి అందులో కూర్చోబెట్టింది. పైన ఎర్ర రంగు వేసింది. చూస్తే కన్ను తిప్పుకోలేం, ఒక్క సీట్లు తప్ప. వాటి తొడుగుల మీద అన్నీ వంకరటింకర కుట్లే. ఇంట్లో దర్జీని పెట్టుకుని ఆమె తానే కుట్టుకుంది. అతన్ని అడిగితే, ఆ బండి జోలికి నన్ను పిలవకు అన్నాడు.

అతని పిరికితనం వీధి వీధంతటికీ తెలుసు. గ్యాస్ కట్టేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వచ్చే రకం. రోడ్డు దాటాలంటే పక్కన ఇద్దరు ముగ్గురు పోగయ్యేదాకా ఆగుతాడు. అలాంటివాడి భార్య యాభై మూడేళ్ల వయసులో, తన చేత్తో అతికిన గొట్టాల మధ్య కూర్చుని, గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంతో పోతానంటే అతని ప్రాణం ఎలా కుదుటపడుతుంది?

బతిమాలాడు. అలిగాడు. రెండు పూటలు తిండి మానేశాడు. ఆమె ఒకటే మాట చెప్పింది.

“చెకింగ్‌లో వద్దంటే ఆగిపోతాను. ఇంకెవరు చెప్పినా ఆగను.”

ఇవాళ ఆగితే ఇక ఎప్పటికీ ఆగినట్టే. సరదాపడ్డవాళ్లు సొంత బండ్లు తెచ్చి తోలుకునే ఈ ట్రాక్‌కి ఇదే ఆఖరి రోజు. సోమవారం నుంచి ఇక్కడ గోదాములకు పునాదులు తవ్వుతారు. క్లబ్బు వాళ్లు పంపిన చెకింగ్ కాగితం పది రోజులుగా వాళ్లింట్లో బల్ల మీదే ఉంది. దాన్ని ఆమెకంటే అతనే ఎక్కువసార్లు చదివాడు. మొత్తం నలభై ఒక్క అంశాలు. అవన్నీ చూడందే ఏ బండినీ వదలబోమని చివర్లో లావు అక్షరాలతో వేశారు. ఆ లావు అక్షరాలనే నమ్ముకుని వచ్చాడు పాపం.

“చక్రాలు పట్టుకుని ఊపి చూడాలని రాశారుగా?” దర్జీ వదల్లేదు.

“చూసినట్టే సార్.”

“చూసినట్టే ఏమిటయ్యా? చూడు. పోనీ, ఎడమ వైపు ఒక్కటైనా చూడు. వచ్చేటప్పుడు టకటకమని చప్పుడు వినిపించింది నాకు.”

“ట్రాలీ ఎక్కి వచ్చిన బండికి చప్పుడేమిటండీ?” అంది భార్య, హెల్మెట్టు పట్టీ బిగించుకుంటూ.

పక్క బండ్ల వాళ్లు పకపకా నవ్వారు. చెకింగ్ ఆయన కూడా నవ్వి, మిగతా గళ్లన్నీ ఒక్క ఊపులో నింపేశాడు. బండి ముక్కు మీద ఆకుపచ్చ స్టిక్కరు అంటించి టీచరుకి వంగి నమస్కారం పెట్టాడు.

దర్జీ, బండ్లను వదిలే చోట జెండా పట్టుకుని నిలబడ్డావిడ దగ్గరికి పరిగెత్తాడు.

“అమ్మా, ఆ ఎర్ర బండిని సరిగ్గా చూడలేదు. వెనక్కి పంపించండి.”

“స్టిక్కరు ఉందిగా?”

“ఉంది. కానీ చూడలేదు.”

“మీరెవరు?”

“ఆమె భర్తని.”

“ఓహో,” అందావిడ. పొద్దుట్నుంచి ఇలాంటి భర్తలను, భార్యలను, తల్లులను చాలామందినే చూసింది. “ఏం కాదు బాబాయ్. వెళ్లి నీడలో కూర్చుని కాసిని మంచినీళ్లు తాగండి.”

బండ్లు వరసకట్టాయి. ఎర్ర బండి మూడోది.

మొదటిది దూసుకుపోయింది. రెండోది కూడా వెళ్లిపోయింది. ముప్పై ఏళ్ల కాపురం. రేపు పొద్దున ఆమె లేని వంటిల్లు ఎలా ఉంటుందో కళ్లకు కట్టింది. ఏడుపు తన్నుకొచ్చింది.

పుట్టి బుద్ధెరిగాక గోడ దూకి ఎరగనివాడు, ఛాతీ ఎత్తు ఇనుప కంచె ఎక్కి అవతలికి దూకాడు. చొక్కా పర్రున చిరిగింది. పడి లేచి, పరిగెత్తి, ఎర్ర బండికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

ఈలలు. అరుపులు. ఇంజను ఆగింది. ఆమె హెల్మెట్టు అద్దం పైకెత్తింది. సిగ్గుతో ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“ఇంతమందిలో నా పరువు తీస్తారా? ఆరేళ్లు చచ్చీ చెడీ ఒక్కదాన్నే కట్టుకున్నాను. ఒక్క పూట సాయానికి రాలేదు. ఇప్పుడు అడ్డం పడటానికి మాత్రం వచ్చారా? ఏనాడైనా ఈ బండి మీద చెయ్యి వేశారా మీరు?”

దర్జీ ఆ వేడి తారు మీదే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“వేశాను... నిన్న నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు, చెకింగ్‌లో ఎలాగూ పట్టుకుంటారు కదా అని, ఎడమ చక్రం దగ్గర స్టీరింగు నట్టు విప్పింది నేనే,” అన్నాడు.