తొమ్మిదో సంచి

విమానం వెనక భాగంలో, టీలు కాఫీలు సర్దే గ్యాలీలో, ఎయిర్ హోస్టెస్ అర తెరిచి చూసింది. రబ్బరు బ్యాండు వేసి పెట్టిన కాగితపు వాంతి సంచుల కట్ట లేదు. వాటిలో తొమ్మిదింటి మీద ఆమె నవల చివరి అధ్యాయం ఉంది.

డ్యూటీలో ఫోన్ పట్టుకుంటే ఊరుకోరు. నోటుబుక్కు తీస్తే అనుమానంగా చూస్తారు. వాంతి సంచి చేతిలో ఉంటే మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అందుకే నాలుగేళ్లుగా నవలంతా వాటి మీదే రాసుకొచ్చి, ఇంటికి వెళ్లాక టైపు చేసుకునేది. చివరి అధ్యాయం ఆ పొద్దుటి ప్రయాణంలోనే పూర్తయింది. దాన్ని ఖాళీ సంచుల మధ్య దాచడం మహా తెలివనుకుంది. ఆ తెలివే కొంప ముంచింది. శుభ్రం చేయడానికి ఎక్కినవాళ్లు కట్ట విప్పి, సంచి లేని సీటుకల్లా ఒక్కొక్కటి సర్దేసి దిగిపోయారు. ఇప్పుడు విమానం ఆకాశంలో ఉంది, సీట్ల నిండా జనం.

దిగడానికీ మళ్లీ ఎక్కడానికీ మధ్య అరగంట. ఆ అరగంటలోనే ప్రచురణకర్త గేటు బయటికి వచ్చి ఈ చివరి అధ్యాయం తీసుకుంటానన్నాడు. సాయంత్రానికి ప్రెస్సుకు చేరకపోతే ఇక వచ్చే ఏడాదేనట. నిరుడూ అదే మాట అన్నాడు. ఎవరో ప్రయాణికురాలు తన పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుతుంటే, కాఫీ ట్రే పట్టుకుని ఆ పక్కనుంచి ఒక్కసారి నడిచిపోవాలని ఆమెకు ఎంత ఆశో. నేనే రాశానని చెప్పక్కర్లేదు. చూస్తే చాలు.

"ఏం వెతుకుతున్నావ్?"

సూపర్‌వైజరు. పాతికేళ్ల సర్వీసు, రోజూ డ్యూటీ చార్టు తన చేత్తోనే రాసే మనిషి, నవ్వితే జీతం కోస్తారన్నట్టు ఉండే మొహం. ఆవిడ దగ్గర లేనప్పుడు అందరూ హెడ్మిస్ట్రెస్ అంటారు. ఇక దాచి లాభం లేక, సంచుల మీద రాసుకుంటున్న సంగతి మొత్తం చెప్పేసింది.

"రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదని నీకు తెలీదూ?" అందావిడ. "పావుగంటలో కుదుపులున్నాయట. త్వరగా వెళ్లు. పైవైపు చూసి లాభం లేదు, నున్నగా ఉంటుంది, పెన్ను జారుతుంది. వెనక్కి తిప్పి చూడు."

కుదుపులంటే సంచులకు పని పడే వేళ. ఆమె పరుగులాంటి నడకతో బయల్దేరింది. సీటు జేబులు తనిఖీ చేస్తున్నామని చెప్పి, నవ్వు చెదరకుండా ఒక్కో వరసా గాలించింది. ఒక సంచిలో ఎవరో బత్తాయి తొక్కలు వేశారు. ఒకాయన తన సంచిని నాలుగు మడతలు పెట్టి అద్దాలు తుడుచుకుంటున్నాడు. పద్నాలుగో వరసలో ఒక ముసలావిడ మాత్రం ఆరో సంచిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుతోంది.

"అమ్మాయ్, ఇది మధ్యలో ఆగిపోయింది. ఈ పిల్ల ఇంతకీ స్టేషనుకు వెళ్లిందా, లేదా?"

 నాలుగేళ్లలో ఆమె కథలో తర్వాత ఏమైందని ఒక మనిషి అడగడం అదే మొదటిసారి.

"వెళ్లిందండీ."

"హమ్మయ్య. మరి అతను ఉన్నాడా అక్కడ?"

"దిగేలోపు చెబుతాను మామ్మగారూ," అని ఆ సంచి మెల్లగా తీసుకుంది.

ఎనిమిది దొరికాయి. తొమ్మిదోది పంతొమ్మిదో వరసలో, కిటికీ పక్క పెద్దమనిషి చేతిలో ఉంది. అప్పుడే విమానం ఒక్క ఊపు ఊగింది. ఉండండి, వేరేది ఇస్తానంటూ ఆమె చెయ్యి చాపింది. అది ఆగమంటే ఆగేదా? పని కానిచ్చాక ఆయన ఎంతో మర్యాదగా సంచి మూతి మడిచి, సారీ అమ్మా అంటూ ఆమె చేతికే ఇచ్చాడు.

గ్యాలీలోకి వచ్చి ఆమె గోడవైపు తిరిగి ఏడ్చింది. సూపర్‌వైజరు ఆ సంచి అందుకుని చెత్తలో వేసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఒక్క పేజీయేగా. మళ్లీ రాయి."

"ఆ ఒక్క పేజీకే నెల పట్టింది మేడమ్. దిగడానికి ఇరవై నిమిషాలుంది. నా వరసలు ఎవరు చూస్తారు? పోనీలెండి, వచ్చే ఏడాది చూసుకుంటాను."

"నీ వరసలు నేను చూస్తాను. కూర్చో. వచ్చే ఏడాది అనుకున్నది ఇక రాయవు."

గ్యాలీలో ఖాళీ సంచి ఒక్కటీ మిగల్లేదు. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి, తన సొంత హ్యాండ్‌బ్యాగ్ లోపలి జిప్పు తీసి, సగానికి మడిచిన సంచి ఒకటి ఆమె ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. అవతల ఆవిడ గొంతు వినిపిస్తోంది, బెల్టులు పెట్టుకోమని, సీట్లు నిటారుగా జరుపుకోమని.

ఆమె మడత మీదే రాయడం మొదలుపెట్టింది. పోయిన పేజీ గుర్తు రాలేదు. పద్నాలుగో వరస ముసలావిడ గుర్తొచ్చింది. ఆవిడకు చెబుతున్నట్టే రాసుకుంటూ పోయింది. ప్లాట్‌ఫారం చివర అతను నిలబడే ఉన్నాడు. చక్రాలు బయటికి వచ్చిన చప్పుడు వినిపించేసరికి సంచి సగం నిండింది. మిగిలిన నాలుగు వాక్యాల కోసం మడత విప్పింది.

మడత లోపలి వైపు కాగితం పసుపు పచ్చగా ఉంది. మూల మీద కంపెనీ ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట మార్చేసిన పాత గుర్తు. దాని కింద, రోజూ డ్యూటీ చార్టులో చూసే చేతిరాతలో "చివరి అధ్యాయం" అని రాసి ఉంది, ఆ తర్వాత ఒక్క అక్షరమూ లేదు.