అవతలి కొస

"పక్కన ఎవ్వరు కూసోవద్దు. ఒక్కతివే నేయాలె," అన్నడు పరీక్ష పెట్టనీకి వచ్చిన సారు.

నేను కౌసల్యమ్మ దిక్కు చూసిన. గద్వాల చీరకు అంచు కలిపే మగ్గం ఇద్దరిది. ఈ కొస నుంచి నేను దారం కండె ఉన్న నాడె ఇసిరితే ఆ కొసన ఆమె అందుకోవాలె. రెండేండ్లు గట్లనే సావుకారి దగ్గర జీతానికి నేసుకుంట ఆమె దగ్గర పని నేర్చుకున్న. ఇయ్యాల పాసైతేనే సర్టిఫికెట్. లేకుంటే రెండేండ్ల కష్టం మన్నుపాలు.

"ఒక్కరు ఎట్ల నేస్తరు సారూ?"

"ఫారంల గట్లనే ఉందమ్మా."

ఆ ఫారం రాసినోడు ఏనాడన్న మగ్గం చూసిండో లేదో.

కౌసల్యమ్మ లేచి నా చెవుల చెప్పింది. "పరేషాన్ గాకు బిడ్డా. ఇసురు, ఆ కొసకు ఉరుకు, నువ్వే అందుకో."

పొద్దుగూకేదాక ఉరికిన. మోకాళ్లు వాసినయి. జానెడు బట్ట దిగింది. సారు కొలిచి, పాస్ అన్నడు. కౌసల్యమ్మ నా నోట్ల చక్కెర పోసింది.

నెల రోజులకు సర్టిఫికెట్ వచ్చింది. 'అంచు చీర ఒంటరిగా నేయగలరు' అని అచ్చేసి ఉంది. మగ్గాల సావుకారి దాన్ని రెండుసార్లు చదివిండు. అద్దం కట్టించి, నా ఎదురుంగ గోడకు కొట్టిండు.

తెల్లారి నేను వచ్చేసరికి కౌసల్యమ్మ తాను కూసునే బొంతను మడతపెడుతుంది.

"ఏడికి పెద్దమ్మా?"

"ఇంటికే. ఈ మగ్గానికి ఇగ ఒక్కరు సాలంట బిడ్డా."

కూసుని నాడె ఇసిరిన. లేచి, ఆ కొసకు ఉరికిన.