గుండీలు ఊడిన చొక్కాలు

"అన్నయ్యా, మీ చొక్కాలు!" అంటూ ఆ దర్జీ ఆవిడ నా చేతిలో సంచీ పెట్టింది.

యుద్ధానికి భయపడి ఊరొదిలి వచ్చినవాళ్ళకి మా బడి గదుల్లోనే చోటిచ్చాం; ఈవిడా వాళ్ళలో ఒకరు. నిన్న నేను పెద్ద దాతలా ఫోజు కొడుతూ ఆవిడకిచ్చిన పాత చొక్కాలే అవి. గుండీలు ఊడినవీ, చంకల్లో చిరిగినవీ. ఇప్పుడన్నీ కుట్టి, చక్కగా మడతపెట్టి ఉన్నాయి.

"అయ్యో, ఇవి మీవాళ్ళు వేసుకుంటారని..." అనబోయాను.

"ఇక్కడికొచ్చాక అందరూ జాలిపడి ఏదో ఒకటి ఇస్తున్నారు. నాకు పని ఇచ్చింది మాత్రం మీరొక్కరే అన్నయ్యా. ఇంకా ఉన్నాయా?"

సంచీ చంకలో పెట్టుకున్నాను.

"బోలెడున్నాయమ్మా! రేపు తెస్తాను."

తీరా ఇంటికెళ్ళి చూస్తే బీరువాలో మిగిలినవన్నీ మంచి చొక్కాలే. మా ఆవిడ చూడకుండా తలుపేసుకుని, ఒక్కోదానికీ గుండీలు పీకుతూ కూర్చున్నాను.