గోళ్లరంగు డబ్బా

ఆర్సెనియోకి తాగుడు లేదు, కోడిపందేల పిచ్చి లేదు. ఉన్న వ్యసనమల్లా వీధిన పోయేవాళ్లను భోజనానికి పిలవడం.

చేతిలో కంచం ఉంటే చాలు, గేటు ముందు కుక్క పోతున్నా "రండి, తిందాం" అంటాడని అతని భార్య నెనితా గోడు.

నిజానికి అందరూ పిలుస్తారు. పిలుపు అందుకున్నవాళ్లు కడుపు కాలుతున్నా "ఇప్పుడే తిన్నాను" అని సాగిపోతారు. మర్యాదంటే అంతవరకే.

ఆ ఉదయం గేటు దగ్గర తచ్చాడుతున్న ముసలావిడ మాత్రం "సరే నాయనా" అని లోపలికి వచ్చేసింది.

వచ్చి, కంచం ముందు కూర్చోలేదు. చేతులు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి నడిచింది.

అక్కడ నెనితా, ఆడపడుచు ఆరింగ్ పిండి రేకుల్లో కీమా పెట్టి లుంపియాలు చుడుతున్నారు. ఆ రోజు అత్తగారు సాబెల్ పోయి ఏడాది. సాయంత్రం ప్రార్థన, ఏడాదిగా సంతాపానికి కట్టిన నల్లబట్టలు విప్పడం, విందు.

విందంటే నెనితాకి భయం లేదు. లుంపియా అంటేనే.

అత్తగారి లుంపియా ఊరంతా ఎరుగును. వేలెడంత పొడవు, కొరికితే కరకర, లోపల పందిమాంసం కీమా మెత్తగా. ప్రతి బుధవారం ఆవిడ చర్చి మెట్ల మీది బిచ్చగాళ్లకని ఓ డబ్బా పట్టుకుని నొవేనా ప్రార్థనకు వెళ్లేది. డబ్బాతో తిరిగొచ్చి, వంటింటి తలుపు వేసుకుని వేయించేది. పదిహేడేళ్లలో కోడల్ని ఒక్కసారీ లోపలికి రానివ్వలేదు.

"చెయ్యి తిరగాలి అమ్మాయ్. నేర్పితే వచ్చేది కాదు," అనేది.

"ఇవాళైనా అమ్మ పరువు నిలబెట్టు," అంది ఆరింగ్. "పోయిన క్రిస్మస్‌కి నువ్వు చేసినవి నూనెలో పువ్వుల్లా విచ్చుకున్నాయి. చూడ్డానికి బాగానే ఉన్నాయనుకో."

ముసలావిడ బల్ల దగ్గర కూర్చుని ఓ పిండి రేకు అందుకుంది. కీమా సన్నగా పరిచి, మడిచి, చుట్టి, అంచుకు గుడ్డుసొన అద్దేసింది. నెనితా ఒకటి చుట్టేలోగా ఆవిడ నాలుగు చుట్టింది.

"ఉల్లిపాయ నీరు పిండలేదు కదూ?" అంది నెమ్మదిగా.

నెనితాకి ఒళ్లు మండింది. ఆరింగ్‌ని పక్కకు లాగింది.

"ఎవరు వదినా ఈవిడ?"

"మీ పుట్టింటివాళ్లనుకున్నానే."

"మా పుట్టింట్లో ఇంత నెమ్మదిగా మాట్లాడేవాళ్లెవరూ లేరు."

ఆవిడ ఒళ్లో ఉబ్బిన సంచీ ఒకటుంది.

"అది కింద పెట్టండి, బరువేమో," అంది నెనితా.

"పర్లేదమ్మా."

చేతులు రేకుల మీదే ఉన్నా, చూపు మాటిమాటికీ ఫ్రిజ్ మీదికి పోతోంది. ఇక లాభం లేదనుకుని నెనితా, నూనె తెస్తానని ఆరింగ్‌నీ వెంటబెట్టుకుని బయటికి నడిచింది. పది అంకెలు లెక్కపెట్టి, ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చారు.

ఫ్రీజర్ తలుపు తీసి ఉంది. సంచీ నోరు తెరిచి ఉంది. నేల మీద పాత వార్తాపత్రికలు. ముసలావిడ చేతిలో ఐస్‌క్రీమ్ డబ్బా, దాని మీద ఎర్ర గోళ్లరంగుతో 'సాబెల్' అని అత్తగారి రాత. విందుల్లో మారిపోకుండా అక్కడి ఆడవాళ్లంతా తమ గిన్నెల మీద అలాగే రాసుకుంటారు.

"బాగుందండీ," అంది నెనితా. "పోయినావిడ సామానే దొరికిందా దొంగతనానికి?"

ముసలావిడ ఏదో చెప్పబోయింది. ఆవిడ చూపు నెనితా వెనక నిలబడ్డ ఆరింగ్ మీద పడింది. గోడ మీద కొవ్వొత్తి వెలుగులో ఉన్న సాబెల్ ఫొటోని చూసింది.

"డబ్బా ఈ ఇంటిదేనమ్మా," అని బల్ల మీద పెట్టింది. "కరగనివ్వకు. గట్టిగా ఉండగానే వేయించు."

"సలహాలు కూడానా. గేటు అటు."

గేటు దగ్గర ఆర్సెనియో లేచాడు. "అదేమిటి, వెళ్లిపోతున్నారా? ఏమీ తినలేదే."

"ఇప్పుడే తిన్నాను నాయనా," అని ఆవిడ వీధిన పోయే జీప్నీ బండి ఎక్కేసింది.

పీడ వదిలిందనుకుంటూ నెనితా డబ్బా మూత తీసింది. నిండా లుంపియాలు. తాము చుట్టినవే ముసలావిడ అందులో దాచిందనుకుని ఒకటి పట్టుకుంది.

రాయిలా ఉంది. వేళ్లకు మంచు అంటుకుంది.

పొద్దుట్నుంచీ చుట్టినవన్నీ బల్ల మీద తడిబట్ట కింద ఉన్నాయి. ఒక్కటీ ఫ్రీజర్ మొహం చూడలేదు. నేల మీది వార్తాపత్రికలు ఈ డబ్బా కరగకుండా చుట్టి తెచ్చినవి.

ఒకటి వేయించి కొరికింది. పైన కరకర, లోపల మెత్తగా, అచ్చం అత్తగారి లుంపియా.

బుధవారాలు. డబ్బా. వేసిన తలుపు.

ఎవరి గిన్నెనైనా ఖాళీగా తిప్పి ఇవ్వకూడదు. చివరి బుధవారం తన దగ్గరే ఉండిపోయిన అత్తగారి డబ్బాని ఆ ముసలావిడా ఖాళీగా తేలేదు.

నెనితా వీధిలోకి పరుగెత్తింది. జీప్నీ వదిలిన పొగ కూడా లేదు.

సాయంత్రం ప్రార్థన అయింది. నల్లబట్టలు విప్పారు. ఆరింగ్ లుంపియా కొరికింది, కళ్లు తుడుచుకుంది.

"అచ్చం అమ్మ చేతివే. మొత్తానికి నేర్చావే నెనితా."

ఆ మాట కోసం నెనితా పదిహేడేళ్లు కాచుకుంది. ఇప్పుడు ఊరికే తల ఊపితే సరిపోతుంది. ఫొటోలోని ఆవిడ జీవితమంతా అలాగే ఊపింది.

నెనితా కంచం కింద పెట్టింది.

"ఇవి నేను చేసినవి కావు వదినా. అత్తయ్య కూడా ఏనాడూ చెయ్యలేదు. పొద్దున మనం వెళ్లగొట్టామే, ఆవిడ చేసేది. పేరైనా అడగలేదు. ఫ్రీజర్‌లోంచి తీస్తోందనుకున్నాను, ఆవిడ పెడుతోంది. తప్పు నాది."